కంచం వేరు చేసిన దగ్గు

1981 వానాకాలంలో మా పెద్దమ్మ ఒక కంచం, ఒక గ్లాసు, ఒక చెంబు తీసి వసారా గూట్లో పెట్టింది. అవి పెదనాన్నవి. వాటిని మిగతా గిన్నెలతో కలిపి తోమొద్దని పనిమనిషికి చెప్పింది. చెప్పి, పెరట్లోకి వెళ్లి నూతిగట్టు మీద కూర్చుని ఏడ్చింది.

మాది నరసన్నపేటకు నాలుగు మైళ్ల దూరంలో ఊరు. పెదనాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. పగలంతా బాగానే ఉండేవారు. రాత్రి రెండు దాటాక మొదలయ్యేది దగ్గు. పొడి దగ్గు. కాసేపటికి ఛాతీలో పిల్లికూతలు. పడుకుంటే ఊపిరి ఆడదు. మోకాళ్ల మీద దిండు పెట్టుకుని, దాని మీద తల ఆనించి, తెల్లవారేదాకా మంచం మీద అలాగే కూర్చునేవారు. పొద్దెక్కేసరికి నెమ్మదించేది. స్నానం చేసి, గొడుగు పట్టుకుని బడికి వెళ్లిపోయేవారు.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. వసారాలో జరిగింది కళ్లారా చూశాను. ఆస్పత్రుల్లో జరిగింది పెదనాన్న కొడుకు, అంటే మా పెద్దన్నయ్య చెప్పగా విన్నాను. వాళ్లు ఆ రోజుల్లో ఏ మాట ఎలా అనుకున్నారో కొంత నేను కూర్చి రాస్తున్నాను. మందులూ, సంవత్సరాలూ, వెనకటి చరిత్రా మాత్రం కూర్చినవి కావు.

"ఏటి మాస్టారూ, రేత్రంతా దగ్గుతున్నారు. ఓపాలి పెద్దాసుపత్రిలో సూపించుకోండి బావూ" అంది ఎదురింటి ముసలమ్మ.

చూపించుకున్నారు. అప్పటికే మనిషి చిక్కిపోయారు. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది. ఎక్స్‌రే తీస్తే రెండు ఊపిరితిత్తుల్లోనూ రవ్వ జల్లినట్టు సన్నటి మచ్చలు. అక్కడి డాక్టరు ఫిల్మును కిటికీ వెలుగులో పట్టుకుని చూసి "క్షయే" అన్నాడు. కళ్లె మూడుసార్లు పరీక్ష చేశారు. మూడుసార్లూ క్షయ క్రిమి కనపడలేదు. అయినా స్ట్రెప్టోమైసిన్ సూదులు మొదలుపెట్టారు. ఆ డాక్టరును ఇప్పుడు తప్పు పట్టను. ఆ రోజుల్లో ఆ ఎక్స్‌రే చూసి ఆ మాట అనని వాళ్లు తక్కువ. ఆస్పత్రి పేరూ రాయను.

సూదులు వారాల తరబడి పొడిచినా రాత్రి రెండు గంటల దగ్గు గడియారం తప్పలేదు. మా అక్కకు టెక్కలి సంబంధం ఒకటి దాదాపు ఖాయమైంది. వాళ్లు మళ్లీ రాలేదు. కారణం ఎవరూ అడగలేదు, అడగక్కర్లేదు కూడా. బడిలో పిల్లల్ని మొదటి వరస నుంచి వెనక్కి కూర్చోబెట్టమని ఒకాయన వచ్చి చెప్పి వెళ్లాడు.

విజయనగరం వెళ్దామన్నది పెద్దన్నయ్య. అది వేరే జిల్లా అయి అప్పటికి రెండేళ్లే. ఆమదాలవలసలో ప్యాసింజరు ఎక్కారు. డాక్టరు పెద్దాయన. ఎక్స్‌రే కవరు ఇవ్వబోతే పక్కన పెట్టించారట.

"కళ్లెలో ఏమొచ్చింది మాస్టారూ?"

"లేదన్నారండి."

"ఎన్నిసార్లు?"

"మూడు."

"మరి సూదులెందుకు?"

"ఫొటోలో మచ్చలున్నాయన్నారండి."

"మచ్చలు క్షయ ఒక్కటే పెడుతుందా? సరే. దగ్గు ఎప్పుడొస్తుంది?"

"రాత్రి రెండు దాటాకండి. తెల్లారితే పోతుంది."

ఆయన కలం కింద పెట్టి, ఇంకో ప్రశ్న అడిగారట. "మీ ఊళ్లో బోదకాళ్లున్నాయా?"

పెదనాన్న చాలా రోజుల తర్వాత నవ్వారు. "లేని ఊరుందా బాబూ మన వైపు?"

దగ్గుకూ బోదకాలుకూ ఏం సంబంధమో పెద్దన్నయ్యకు అర్థం కాలేదు. ల్యాబులో వేలికి సూది గుచ్చి సన్నటి గాజు గొట్టంలోకి నెత్తురు పీల్చారు. చుక్క నెత్తురును పలక మీద పూసి రంగు వేశారు. గంట తర్వాత చీటీ వచ్చింది. అందులో ఒకే ఒక్క అంకె కింద డాక్టరు రెండు గీతలు గీశారు. ఘన మిల్లీమీటరు నెత్తురులో ఈసినోఫిల్ అనే తెల్లకణాలు ఐదు వందల లోపు ఉండాలి. మాస్టారికి మూడు వేలు దాటిపోయాయి.

"ఇస్నోఫీలియా" అని మన ఇళ్లలో ముక్కు చీదిన ప్రతివాడికీ తగిలించే పేరు ఇదే. ఈ కణాల పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకోదగ్గవి. 1879లో పాల్ ఎర్లిక్ అనే జర్మన్ వైద్యుడు నెత్తురు పూతల మీద రంగులు వేసి చూస్తుంటే, కొన్ని కణాలు ఈసిన్ అనే ఎర్రరంగును ఆబగా తాగాయి. వాటికి ఆ రంగు పేరే పెట్టాడు. ఈసిన్‌కు మూలం ఇయోస్, గ్రీకులో ఉషస్సు. తెల్లవారుజామున మనిషిని కూర్చోబెట్టే జబ్బుకు గుర్తుగా నిలిచిన కణాలకు ఉషస్సు పేరు ఉండటం కాకతాళీయమే. అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

మన ఒంట్లోకి దిగే పురుగుల మీద పోరాడటం ఈ కణాల పని. బాక్టీరియాను మింగినట్టు పురుగును మింగడం వీటి వల్ల కాదు. అది కణం కంటే ఎన్నో రెట్లు పెద్దది. అందుకని చుట్టూ మూగి, తమలోని విషపు రేణువులను దాని మీద కుమ్మరిస్తాయి. పురుగు చస్తుంది. పక్కనున్న మన మాంసమూ కాలుతుంది.

విజయనగరం డాక్టరు ఆ రోజు చదివిన పాఠం తెలుగు నేల మీదే రాసింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్రైస్తవ మిషన్ల క్షయ శానిటోరియం ఉండేది. దాని పెద్ద డాక్టరు డెన్మార్క్ నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. దేశం నలుమూలల నుంచీ క్షయ రోగులు అక్కడికి చేరేవారు. వాళ్లలో కొందరి తీరు వేరుగా ఉంది. దగ్గు ఉంది, జ్వరం ఉంది, ఎక్స్‌రేలో మచ్చలున్నాయి, కళ్లెలో క్రిమి మాత్రం లేదు. నెత్తురు చూస్తే ఈసినోఫిల్స్ విపరీతం. 1940లో ఆయన, సహచరుడు బార్టన్ కలిసి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఈ సంగతి రాశారు. క్షయలా కనిపించే జబ్బు అని, దాని వెంట ఈసినోఫిల్స్ పెరుగుతాయని. క్షయ కోసమే కట్టిన ఆస్పత్రి వాళ్లు, ఇది క్షయ కాదు అని చెప్పగలగడం నాకు గొప్పగా అనిపిస్తుంది. అంతకు ముందు ఎంతమంది అసలు రోగుల పక్క మంచాల మీద నెలల తరబడి పడుకున్నారో!

మూడేళ్లకు, 1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు లాన్సెట్ పత్రికలో దీనికి ట్రాపికల్ ఈసినోఫిలియా అని పేరు పెట్టాడు. ఆయన ఇచ్చిన మందు ఆర్సెనిక్, అంటే పాషాణం కలిసిన సూది. అప్పట్లో సవాయి రోగానికి వాడేది. పని చేసింది. ఎందుకు పని చేసిందో ఎవరికీ తెలియదు. జబ్బుకు మూలమేమిటో తెలియకుండానే, నెత్తురులో ఒక అంకె పెరగడం, మందు పడితే దిగడం చూసి వైద్యం నడిచింది.

అసలు మందు మాత్రం ఒక తెలుగువాడి దగ్గర ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అప్పటికి అమెరికాలోని పెర్ల్ రివర్‌లో లెడర్లే పరిశోధనాలయంలో పనిచేస్తున్నారు. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులు వేలల్లో ఫైలేరియా, అంటే బోదకాలు జబ్బు బారిన పడ్డారు. మన పల్లెల్లో తరతరాలుగా కాళ్లు వాచి, ఇంట్లోంచి బయటికి రాలేక బతుకులు గడిచిపోతుంటే కదలని ప్రపంచం, సైనికుల వృషణాలు వాచేసరికి కదిలింది. నిష్ఠూరంగా ఉన్నా సంగతి అదే. సుబ్బారావు బృందం పత్తి ఎలుకలకు సోకే ఒక రకం ఫైలేరియా పురుగు మీద రసాయనాలు ఒక్కొక్కటే ప్రయోగించి చూసింది. వాటిలోంచి తేలింది డైఇథైల్‌కార్బమజైన్, డీఈసీ. వ్యాపార నామం హెట్రజాన్. 1947లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ ఏడాదే పోర్టోరికోలో ఫైలేరియా రోగులకు ఇచ్చి చూశారు. మరుసటి సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే పోయారు. 1920లలో దేశం విడిచి వెళ్లినాయన, మళ్లీ తిరిగి రాలేదు. ఆయన మందు వచ్చింది.

విజయనగరం డాక్టరు రాసిచ్చింది ఆ హెట్రజానే. కిలో బరువుకు రోజుకు ఆరు మిల్లీగ్రాముల లెక్క. పెదనాన్న యాభై కిలోలకు దిగిపోయారు కాబట్టి వంద మిల్లీగ్రాముల బిళ్లలు రోజుకు మూడు. ఇరవై ఒక్క రోజులు.

"పురుగు దొరక్కుండానే పురుగు మందా బాబూ?" అని అడిగారట పెదనాన్న.

"మందు పనిచేస్తే పురుగు ఉన్నట్టు. మూడు వారాల తర్వాత మళ్లీ నెత్తురు ఇచ్చి వెళ్లండి. నేను మిమ్మల్ని చూడక్కర్లేదు, ఆ అంకెను చూస్తాను."

మొదటి నాలుగు రాత్రులు ఏమీ మారలేదు. ఐదో రాత్రి దగ్గు ఆలస్యంగా వచ్చి తొందరగా పోయింది. ఆరో రాత్రి ఇంట్లో అందరికీ మెలకువ వచ్చేసింది. ఎందుకో ముందు తెలియలేదు. దగ్గు వినపడలేదు. పెద్దమ్మ లాంతరు పట్టుకుని వసారాలోకి పరుగెత్తింది. పెదనాన్న వెల్లకిలా పడుకుని గురక పెడుతున్నారు. నెలల తర్వాత వెన్ను మంచానికి ఆనించి పడుకున్న మనిషిని ఆవిడ కాసేపు అలాగే నిలబడి చూసింది.

మూడు వారాలకు అంకె వెయ్యి కిందకు వచ్చింది. ఈ జబ్బులో ఆ దిగుడే సాక్ష్యం. డీఈసీ పడ్డాక ఈసినోఫిల్స్ చప్పున పడిపోవడాన్ని వైద్యులు నేటికీ రోగనిర్ధారణలో ఒక లక్షణంగా లెక్కిస్తారు. అయితే ఒక్క ఈసినోఫిల్ లెక్కతోనే తీర్పు చెప్పేయకూడదు. ఏలిక పాములు, కొంకి పురుగులు, ఆస్తమా, కొన్ని మందులు పడకపోవడం, ఇవన్నీ దాన్ని పెంచుతాయి. అందుకని మూడు వేలు దాటిందా, రాత్రి దగ్గా, బోదకాలు ఉన్న ప్రాంతమా, నెత్తురులో ఐజీఈ అనే ప్రతిరక్షకం వెయ్యి యూనిట్లు మించిందా, ఫైలేరియా మీద ప్రతిరక్షకాలున్నాయా అని అన్నీ కలిపి చూస్తారు. కొందరికి జబ్బు తిరగబెడుతుంది కూడా. కాబట్టి అంకెను మళ్లీ మళ్లీ చూడాలి.

ఇంతకీ పురుగు ఎక్కడుంది? ఆ ప్రశ్న పెదనాన్న కంటే ముందు ఎందరో వైద్యులను వేధించింది. సింగపూర్‌లో దనరాజ్ బృందం 1959లో దారి చూపింది. కుక్క గుండెలో పెరిగే డైరోఫైలేరియా పురుగు సారం తీసి ఈ రోగుల నెత్తురుతో కలిపితే, వాళ్ల ప్రతిరక్షకాలు దాన్ని పోల్చుకున్నాయి. అంటే ఆ ఒంటికి ఫైలేరియా జాతితో పరిచయం ఉంది. 1960లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో వెబ్, జాబ్, గాల్ట్ అనే ముగ్గురు కళ్లతోనే చూపించారు. రోగుల ఊపిరితిత్తుల్లోంచి, కాలేయంలోంచి, లింఫు గ్రంథుల్లోంచి చిన్న ముక్కలు తీసి చూస్తే లోపల మైక్రోఫైలేరియాలు, అంటే ఫైలేరియా పిల్లపురుగులు. చుట్టూ ఈసినోఫిల్స్ దండు. నెత్తురులో తిరగాల్సిన పిల్లపురుగులను ఊపిరితిత్తుల్లోనే పట్టి చంపేస్తోంది ఒళ్లు. అందుకే నెత్తురులో ఒక్కటీ కనపడదు. మాస్టారి దగ్గు పురుగు పెట్టింది కాదు. పురుగును చంపే హడావిడి పెట్టింది.

మా ఇంటి కథ ఇక్కడితో అయిపోతే ఇది రాసేవాణ్ణి కాదు.

ఆ చలికాలం ఒక రాత్రి తొమ్మిది గంటలకు నెత్తురు పరీక్ష చేసే ఫైలేరియా వాళ్లు మా వీధికి వచ్చారు. టార్చిలైటు, గాజుపలకల పెట్టె, దూది, స్పిరిటు. బోదకాలు పురుగు పెద్దది లింఫు నాళాల్లో ఏళ్ల తరబడి కాపురముంటుంది. దాని పిల్లలు పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుని, క్యూలెక్స్ దోమ కుట్టే వేళకు చర్మం కింది నెత్తురులోకి వస్తాయి. ఈ రాత్రి సంచారాన్ని 1870లలో చైనా రేవుపట్నం అమోయ్‌లో ప్యాట్రిక్ మాన్సన్ పసిగట్టాడు. అందుకే పరీక్ష రాత్రి పూటే.

"నిద్దట్లో లేపి నెత్తురు తీత్తారేటి? మీకు పగలు కుదర్దా?" అని ఎదురింటి ముసలమ్మ తలుపు వేసుకుంది. మా ఇంట్లో అందరం ఇచ్చాం. నేనూ ఇచ్చాను. మూడు చుక్కలు.

ఫలితాలు కొన్ని రోజులకు వచ్చాయి. పెదనాన్న నెత్తురులో ఏమీ లేదు. నాకూ లేదు. పెద్దన్నయ్యకు ఉంది. ఒక్కరోజు జ్వరం ఎరగని మనిషి. బస్తా భుజానికెత్తితే దించకుండా బండి దాకా నడిచేవాడు. పలక మీద పిల్లపురుగులు కుప్పలుగా ఉన్నాయట. ఆ చీటీ చూసి ఇంటిల్లిపాదీ నవ్వారు. ఫైలేరియా వాళ్లు తండ్రీకొడుకుల పలకలు తారుమారు చేశారనుకున్నారు.

తారుమారు కాలేదు. ఈ జబ్బు స్వభావమే అది. ఇంటి వెనక ఒకే మురుగు గుంట, ఒకే దోమలు. తండ్రి ఒళ్లు తిరగబడింది. ఐజీఈ, ఈసినోఫిల్స్ లేచి పిల్లపురుగులన్నిటినీ తుడిచిపెట్టి, ఆ పోరులో మనిషిని కూర్చోబెట్టాయి. కొడుకు ఒళ్లు రాజీపడింది. అలాంటి వాళ్లలో ఐజీజీ4 అనే శాంతమైన ప్రతిరక్షకం బాగా పెరుగుతుంది, పోరు చల్లబడుతుంది. పురుగులు హాయిగా తిరుగుతాయి. మనిషికీ బాధ తెలియదు, ఊళ్లో దోమలకు మాత్రం అక్షయపాత్ర. దొమ్మీ జరిగే ఇంట్లో దొంగ దొరకడు, దొంగ ఉన్న ఇంట్లో చప్పుడుండదు. కాబట్టి పురుగును మాత్రమే వెతికేవాడు తండ్రిని వదిలేస్తాడు. దగ్గును మాత్రమే వినేవాడు కొడుకును వదిలేస్తాడు.

ఆ చప్పుడు లేని ఇళ్లను పట్టడానికి తర్వాత మంచి సాధనాలు వచ్చాయి. పెద్ద పురుగు నెత్తురులోకి వదిలే ఒక పదార్థాన్ని, అంటే యాంటిజెన్‌ను పట్టే పరీక్ష ఇప్పుడు ఉంది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ శాస్త్రజ్ఞుడు గ్యారీ వైల్ 1980ల నుంచి దీని మీద పనిచేశారు. ఆ తొలి పరిశోధనల్లో ఢిల్లీ శాస్త్రజ్ఞులూ పాలుపంచుకున్నారు. 1990ల చివరికి అది చిన్న కార్డుగా వచ్చింది. 2013 నాటికి ఇంకా చౌకైన పట్టీ అయింది. వేలి నుంచి 75 మైక్రోలీటర్ల నెత్తురు, రెండు చుక్కలంత. పది నిమిషాల్లో గీత పడుతుందో లేదో తెలిసిపోతుంది. పిల్లపురుగులు పగలు దాక్కున్నా పెద్ద పురుగు వదిలే పదార్థం దాక్కోదు కనక, రాత్రి టార్చిలైటు అక్కర్లేదు.

కానీ మందు పనిచేసిందో లేదో తెలుసుకోవడంలో ఈ పట్టీకి ఒక చిక్కుంది. డీఈసీ పడగానే పిల్లపురుగులు రాలిపోతాయి. యాంటిజెన్ మాత్రం ఏళ్ల తరబడి మిగలొచ్చు, ఎందుకంటే పెద్ద పురుగు అంత సులువుగా చావదు. ప్రతిరక్షకాలు ఇంకా మొండివి. పెద్దన్నయ్యలాంటి వాడి నెత్తురు చూసి ఊళ్లో జబ్బు నేడు ఉందో, నిన్నటిదో చెప్పడం కష్టం. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో ఆరేడేళ్ల పిల్లల్ని పరీక్షిస్తారు. వాళ్ల నెత్తురుకు నిన్న లేదు. గీత పడిందంటే దోమ ఈ మధ్యే కుట్టినట్టు. ముందు సాధారణంగా ఊరంతటికీ కనీసం ఐదేళ్లు ఏటా మందు వేయాలి. అందులో నూటికి అరవై ఐదు మందైనా మింగాలి. ఆ తర్వాత పిల్లల్లో గీతలు నిర్ణయించిన లెక్క లోపే ఉంటే మందు ఆపుతారు. ఆపాక కూడా రెండుసార్లు మళ్లీ చూస్తారు.

మన దేశంలో 2004 నుంచి ఊరూరా మందు వేస్తున్నారు. డీఈసీ, ఆల్బెండజోల్, కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా. శ్రీకాకుళం, విజయనగరం రెండూ బోదకాలు జిల్లాలే. 2027కల్లా దేశంలో దీన్ని నిర్మూలించాలని కేంద్రం గడువు పెట్టుకుంది. ఇంటింటికీ వచ్చే ఆశా కార్యకర్త చేతిలోని బిళ్ల ఆ పెర్ల్ రివర్ బిళ్లే. గర్భిణులకూ, రెండేళ్ల లోపు పిల్లలకూ, జబ్బుతో మంచం పట్టిన వాళ్లకూ ఇవ్వరు. మిగతావాళ్లలో చాలామంది తీసుకుని గూట్లో పెడతారు. మా పెద్దన్నయ్య కూడా 1982లో మొదట అదే చేశాడు. ఒంట్లో ఏ బాధా లేనివాడు మందెందుకు మింగుతాడు? పెదనాన్న ఎదురుగా కూర్చుని, రోజూ తన చేత్తో నీళ్లిచ్చి మింగించారు.

అక్కకు ఆ మరుసటి ఏడాది పెళ్లయింది, టెక్కలి సంబంధం కాదు. గూట్లోని కంచాన్ని పెద్దమ్మ వంటింట్లోకి తెచ్చేసింది. పెదనాన్న ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు బతికారు. మధ్యలో రెండుసార్లు దగ్గు తిరగబెట్టింది. రెండుసార్లూ ఆయనే ముందు ల్యాబుకు వెళ్లి, చీటీ పట్టుకుని ఆ తర్వాత డాక్టరు దగ్గరకు వెళ్లారు.

మీ ఇంట్లో ఎవరికైనా వారాల తరబడి రాత్రి దగ్గు వస్తుంటే ముందు కళ్లె పరీక్ష చేయించండి, క్షయ ఉంటే అది ఆలస్యం చేసేది కాదు. కళ్లెలో లేదని వస్తే, ఈసినోఫిల్ లెక్క కూడా రాయమని డాక్టరు గారిని అడగండి. మీ పిల్లల బడికి వేలి నెత్తురు కోసం ఫైలేరియా వాళ్లు వస్తే ఆ రోజు పిల్లాణ్ణి బడి మాన్పించకండి.